అమెరికాలో దాచిన సొమ్ము: తొందరపడి తీయకండి



మొన్న ఒక మధ్యాహ్నం మా పక్కింటి అమ్మాయి కవరొకటి చేత్తో పట్టుకుని వచ్చింది. పదిహేనేళ్లు అమెరికాలో ఉండి, 2024 జూలై 1న భర్త, పిల్లలతో హైదరాబాదు వచ్చేసిన కుటుంబం వాళ్లది. "పిన్నిగారూ, ఫ్లాటుకి అడ్వాన్సు కట్టాలి. మా ఆయన పాత కంపెనీ తరఫున అక్కడ లక్ష డాలర్లు ఉన్నాయట. మొత్తం తీసేద్దామని ఈ ఫారం తెప్పించారు. మన డబ్బు మనం తీసుకోవడానికి ఆలోచన దేనికి అంటున్నారు. మీరేమంటారు?" అని అడిగింది.

డబ్బు మనదే, సందేహం లేదు. కాని ఆ డబ్బు మీద పన్ను అడిగే హక్కు రెండు ప్రభుత్వాలకు ఉంది. ఏ ప్రభుత్వం ఎంత అడుగుతుందన్నది మనం ఎప్పుడు తీశాం, ఎలా తీశాం అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆవకాయ కలిపిన రోజే జాడీ మూత తీసి వడ్డించుకోం కదా. మూడోనాడు తిరగ కలిపి, నూనె తేలాక తీస్తాం. ఇదీ అలాంటిదే. ఈ రోజుల్లో ఇంటికొకరు అమెరికాలో ఉంటున్నారు. కొందరు తిరిగి వస్తున్నారు కూడా. అందుచేత ఈ సంగతి ఇల్లాళ్లు కూడా తెలుసుకోవడం మంచిది. చివరకు వచ్చేసరికి మగవారికంటే మనకే ఇది ఎక్కువ అవసరమని మీరే అంటారు.

ముందు ఆ ఖాతా ఏమిటో చూద్దాం. మన దగ్గర ఉద్యోగులకు ప్రావిడెంట్ ఫండ్ ఉన్నట్టే, అమెరికాలో 401(కె) అని ఒక ఖాతా ఉంది. అక్కడి పన్ను చట్టంలో ఆ సెక్షను నంబరే దాని పేరు అయింది. 1978 చట్టంతో అది పుట్టింది. ఉద్యోగి జీతంలోంచి కొంత అందులో వేస్తాడు. చాలా కంపెనీలు తమ వంతు కొంత కలుపుతాయి. అలా వేసిన భాగానికి ఆ ఏడు పన్ను ఉండదు, పెరిగినదానికీ ఏటేటా పన్ను ఉండదు. తీసిన రోజునే పన్ను. ఉద్యోగం మానేశాక ఆ సొమ్మును ఐ.ఆర్.ఎ. అనే సొంత ఖాతాకు మార్చుకునే వీలు కూడా ఉంది. ముసలితనం కోసం దాచుకోమని ఇచ్చిన రాయితీ కాబట్టి, ముందుగా తీస్తే ఆ ప్రభుత్వం ఊరుకోదు. యాభై తొమ్మిదిన్నర ఏళ్లు నిండకముందు తీస్తే, మామూలు పన్ను కాక ఇంకో 10 శాతం అదనంగా వేస్తారు.

మా పక్కింటి అబ్బాయికి 44 ఏళ్లు. పౌరసత్వం లేదు, గ్రీన్ కార్డూ లేదు. ఉద్యోగ వీసా మీద ఉండి వచ్చేశాడు. ఇప్పుడు అమెరికా దృష్టిలో అతను విదేశీయుడు. అలాంటివారికి డబ్బు పంపేటప్పుడు ఖాతా నడిపే సంస్థ మామూలుగా 30 శాతం పన్ను పట్టుకుని మిగతాది ఇస్తుంది. అంటే లక్ష డాలర్లు అడిగితే చేతికి వచ్చేది 70 వేలు. ఆపైన ముందుగా తీసినందుకు 10 శాతం, అంటే 10 వేలు, విడిగా కట్టాలి. పట్టుకున్న 30 శాతమే చివరి మాట కాదు. మరుసటి ఏడు 1040-ఎన్.ఆర్. అనే రిటర్ను వేసి లెక్క తేల్చుకోవాలి. అక్కడ చేసిన పనికి సంబంధించిన భాగానికి శ్లాబుల ప్రకారం పన్ను పడుతుంది కనుక, కొంత వాపసు రావచ్చు. కాని రిటర్ను వేయనివారికి అది రాదు. ఆ 10 వేలు మాత్రం పోయినట్టే.

ఒక చిన్న ఊరట ఉంది. కాలిఫోర్నియాలోనో, న్యూజెర్సీలోనో పనిచేశాం కాబట్టి ఆ రాష్ట్రం కూడా పన్ను అడుగుతుందేమో అని కొందరు భయపడతారు. రాష్ట్రం విడిచి వెళ్లిపోయినవారి రిటైర్మెంటు సొమ్ము మీద రాష్ట్రాలు పన్ను వేయకూడదని అక్కడి ఫెడరల్ చట్టం 1996 నుంచి కట్టడి చేసింది. కనుక లెక్క ఢిల్లీకి, వాషింగ్టన్‌కు మాత్రమే.

ఇక మన ప్రభుత్వం సంగతి. ఇక్కడ ముఖ్యమైనది మనిషి ఏ దేశం పాస్‌పోర్టు పట్టుకున్నాడన్నది కాదు, ఏ ఏడు ఎన్నిరోజులు ఇక్కడ ఉన్నాడన్నది. ఏప్రిల్ నుంచి మార్చి వరకు ఒక సంవత్సరంలో 182 రోజులు ఇక్కడ ఉంటే అతను ఇక్కడి నివాసి. నివాసికి ప్రపంచంలో ఎక్కడ వచ్చిన ఆదాయానికైనా ఇక్కడ పన్ను. అయితే, ఎన్నో ఏళ్ల తర్వాత తిరిగి వచ్చినవారి మీద రాగానే ఈ బరువంతా పడకుండా చట్టం కొంత వ్యవధి ఇచ్చింది. ఆ వ్యవధిలో అతను నివాసే, కాని పూర్తి నివాసి కాదు. ఆడిటర్లు దీన్ని ఆర్.ఎన్.ఓ.ఆర్. అంటారు. మనం దీన్ని 'సగం నివాసి' అనుకుందాం. సగం నివాసికి విదేశంలో వచ్చి, విదేశంలోనే చేతికి అందిన ఆదాయం మీద ఇక్కడ పన్ను లేదు. వ్యాపారాల సంగతి వేరు, అది మనకిప్పుడు అవసరం లేదు.

ఈ సగం నివాసం ఎంతకాలం? రెండు కొలతలు ఉన్నాయి. రెంటిలో ఏ ఒక్కటి సరిపోయినా చాలు. ఒకటి, ఆ ఏటికి ముందు 10 ఏళ్లలో 9 ఏళ్లు అతను ఇక్కడి నివాసి కాకుండా ఉండాలి. రెండోది, ముందు 7 ఏళ్లలో మొత్తం మీద 729 రోజులకు మించి ఇక్కడ ఉండి ఉండకూడదు.

మా పక్కింటివారి లెక్కే వేసి చూద్దాం. 2024 జూలై 1న వచ్చారు. 2024-25లో ఇక్కడ 274 రోజులు ఉన్నారు. అంతకుముందు పదేళ్లూ అక్కడే కనుక సగం నివాసులే. 2025-26లో కూడా ముందు పదేళ్లలో తొమ్మిదేళ్లు అక్కడే, కనుక అప్పుడూ సగం నివాసులే. 2026-27కు వచ్చేసరికి మొదటి కొలత సరిపోదు. ఎనిమిదేళ్లే అయింది. రెండో కొలత చూడాలి. 274, 365 కలిపితే 639. ఇక మిగిలింది 90 రోజులు. వచ్చేయకముందు ఐదేళ్లలో సెలవులకని, పెళ్లిళ్లకని, అత్తగారికి ఒంట్లో బాగాలేదని వచ్చి ఉన్న రోజులన్నీ కలిపి 90 దాటకపోతే మూడో ఏడు కూడా సగం నివాసమే. దాటితే పూర్తి నివాసం. చూశారా, ఎప్పుడో పిల్లవాడి అన్నప్రాశనకు వచ్చి నెల్లాళ్లు ఉన్న సంగతి కూడా పన్ను లెక్కలోకి వస్తుంది! అందుకే పాత పాస్‌పోర్టులు పారేయకండి. వాటిమీద ముద్రలే మనకు సాక్ష్యం.

ఈ సగం నివాసం ఉన్న రోజుల్లో సొమ్ము తీస్తే అమెరికా పన్ను ఒక్కటే, ఇక్కడి పన్ను లేదు. కాని ఒక జాగ్రత్త ఉంది. ఆ సొమ్ము మొట్టమొదట ఎక్కడ అందిందన్నది ముఖ్యం. నేరుగా ఇక్కడి బ్యాంకుకు వేయించుకుంటే, ఇక్కడ అందిన ఆదాయమని మన ప్రభుత్వం పన్ను అడగవచ్చు. అక్కడి మన బ్యాంకు ఖాతాలో వేయించుకుని, తర్వాత అక్కడినుంచి తెచ్చుకుంటే అది ఆదాయం కాదు, మన సొంత సొమ్మును ఒక చోటినుంచి ఇంకో చోటికి మార్చుకోవడం. కనుక వచ్చేసేటప్పుడు 'ఇంక మనకెందుకులే' అని అక్కడి బ్యాంకు ఖాతా మూసేయకండి. అక్కడి ఫోను నంబరు కూడా ఏదో ఒక చవక పద్ధతిలో నిలుపుకోండి. ఖాతా తెరవడానికి వచ్చే రహస్య సంఖ్య ఆ నంబరుకే వస్తుంది మరి.

అయితే పక్కింటి అమ్మాయి వెంటనే, "ఐతే పిన్నిగారూ, ఇప్పుడు తీసేయడమే మంచిది కదా, ఇక్కడ పన్ను లేదు కనుక" అంది. అదీ తొందరే. ఇక్కడి పన్ను తప్పుతుందని 44 ఏళ్ల మనిషి అక్కడ 10 శాతం జరిమానాలాంటిది కట్టుకోవడం లాభమో నష్టమో లెక్క వేయాలి. అదే 61 ఏళ్ల వయసులో తిరిగి వచ్చిన దంపతులకైతే ఆ 10 శాతం బెడద లేదు. వారికి ఈ రెండు మూడేళ్లు నిజంగా మంచి అదను. ఒకరికి పనికివచ్చిన సలహా ఇంకొకరికి పనికిరాదని చెప్పడానికే ఇది చెప్పాను. యాభై అయిదేళ్లు నిండిన ఏడుగాని, ఆ తర్వాతగాని ఉద్యోగం మానినవారు ఆ కంపెనీ ఖాతాలోంచి తీస్తే కూడా 10 శాతం పడదు. కాని ఆ సొమ్మును ఐ.ఆర్.ఎ.కు మార్చేశారంటే ఈ వెసులుబాటు పోతుంది. కనుక మార్చమని ఎవరైనా సలహా ఇస్తే, ముందు వయసు చూసుకోండి.

మరి తీయకుండా అక్కడే ఉంచేస్తే? ఉంచుకోవచ్చు. విదేశంలో ఉన్నప్పుడు సంపాదించుకున్న ఆస్తిని తిరిగి వచ్చాక కూడా అక్కడే ఉంచుకోవచ్చని మన 1999 నాటి విదేశీ మారక చట్టం స్పష్టంగా ఒప్పుకుంది. కాని పూర్తి నివాసి అయిన దగ్గరనుంచి ఇంకో చిక్కు వస్తుంది. ఖాతాలో ఏటేటా పెరిగే వడ్డీ, డివిడెండు ఆదాయం కింద మన ప్రభుత్వం ఏటేటా పన్ను అడగవచ్చు. అమెరికా మాత్రం తీసినప్పుడే అడుగుతుంది. ఒకే సొమ్ముకు రెండుచోట్ల రెండు వేర్వేరు ఏళ్లలో పన్ను పడితే, అక్కడ కట్టింది ఇక్కడ తగ్గించుకుందామన్నా లెక్క కుదరదు.

ఈ ఇబ్బంది తీర్చడానికే 2021లో మన ఆదాయపు పన్ను చట్టంలో 89ఎ అనే సెక్షను చేర్చారు. అమెరికా, కెనడా, ఇంగ్లండు అనబడే యునైటెడ్ కింగ్‌డమ్, ఈ మూడు దేశాల్లోని రిటైర్మెంటు ఖాతాలకు ఇది వర్తిస్తుంది. 'అక్కడ పన్ను వేసే ఏడే మీరూ వేయండి' అని మనం కోరుకోవచ్చు. కోరుకోవడమంటే ఊరికే కాదు, 10-ఇఇ అనే ఫారం కంప్యూటరు ద్వారా దాఖలు చేయాలి. రిటర్ను వేయవలసిన గడువులోగానే చేయాలి. ఒకసారి కోరుకున్నాక వెనక్కి తీసుకోవడానికి లేదు. తర్వాతి ఏళ్లకు కూడా అదే నడుస్తుంది. కోరుకున్నవారు మళ్లీ విదేశం వెళ్లి ఇక్కడి నివాసి కాకుండా పోతే, అసలు కోరుకోనట్టే లెక్కకట్టి వెనకటి ఏళ్ల ఆదాయానికి పన్ను అడుగుతారు. కనుక పిల్లల చదువుకని మళ్లీ వెళ్లే ఆలోచన ఉన్నవారు ముందే యోచించుకోవాలి. 1961 నాటి చట్టం స్థానంలో 2026 ఏప్రిల్ 1 నుంచి వర్తించేలా చేసిన 2025 కొత్త చట్టంలో కూడా ఈ సౌకర్యం ఉంది. సెక్షను నంబర్లు మారాయి కాబట్టి ఆడిటరుగారిని ఆ ఏటికి ఏ ఫారం వాడాలో అడిగి తెలుసుకోండి.

ఇందులో ఇంకొక మేలు ఉంది. మనం అక్కడ ఉన్న ఏళ్లలోను, సగం నివాసులుగా ఉన్న ఏళ్లలోను ఇక్కడ పన్ను పడనవసరం లేని పెరుగుదలను, తర్వాత తీసినప్పుడు కూడా ఇక్కడి పన్నులో కలపకూడదని నిబంధన చెబుతోంది. కాని ఏది అప్పటిది, ఏది ఇప్పటిది అని రుజువు చూపించాల్సింది మనమే. అందుచేత సగం నివాసం ముగిసే మార్చి 31 నాటికి ఖాతాలో ఎంత ఉందో స్టేట్‌మెంటు తీయించి, ఇంటి దస్తావేజులతోపాటు బీరువాలో పెట్టుకోండి. ఇరవయ్యేళ్ల తర్వాత ఆ ఒక్క కాగితం లక్షల రూపాయలు ఆదా చేయవచ్చు.

రాత్ అనే పేరుతో ఇంకోరకం ఖాతా ఉంటుంది. అందులో పన్ను కట్టిన సొమ్మే వేస్తారు, షరతుల ప్రకారం తీస్తే అమెరికా పన్ను వేయదు. 'తీసినప్పుడు అక్కడ పన్ను పడే ఖాతా' అన్న 89ఎ మాటకు అది సరిపోదు. కనుక రాత్ ఖాతా ఉన్నవారు సగం నివాసం ఉండగానే ఆడిటరుతో విడిగా మాట్లాడుకోవాలి.

ఇప్పుడు తీసే పద్ధతి సంగతి చూద్దాం. రెండు దేశాల మధ్య పన్నుల ఒప్పందం ఒకటి 1989లో కుదిరి, 1990 డిసెంబరులో అమల్లోకి వచ్చింది. దానిలో 20వ అధికరణం ఏం చెబుతుందంటే, ఒక దేశంలో చేసిన ఉద్యోగానికి వచ్చే ప్రైవేటు పింఛను మీద, మనిషి నివసించే దేశం మాత్రమే పన్ను వేయాలి. మరి పింఛను అంటే ఏమిటి? గతంలో చేసిన పనికిగాను వాయిదాల ప్రకారం వచ్చే చెల్లింపు అని అక్కడే రాశారు. ఇందులో కీలకమంతా ఆ 'వాయిదాల ప్రకారం' అన్న మాటలో ఉంది. నెలనెలానో, మూడు నెలలకోసారో ఒక క్రమం పెట్టుకుని తీసుకునే సొమ్ము ఈ మాటకు దగ్గరగా ఉంటుంది. ఒక్కసారిగా మొత్తం తీసేసినదీ, బుద్ధిపుట్టినప్పుడల్లా తీసినదీ పింఛను అనిపించుకోవడం కష్టం. అలా తీస్తే అమెరికా తన పన్ను తాను వేసుకుంటుంది.

వాయిదాల మీద తీసుకునేవారు, పంపే సంస్థకు డబ్ల్యు-8 బెన్ అనే ఫారం ఇవ్వాలి. తాము భారతదేశ నివాసులమని, ఒప్పందం ప్రకారం పన్ను పట్టుకోవద్దని అందులో రాయాలి. అది ఇవ్వకపోతే సంస్థ 30 శాతం పట్టుకునే పంపుతుంది. ఇచ్చినా కొన్ని సంస్థలు ఒప్పుకోవు. అప్పుడు రిటర్ను వేసి వాపసు అడగవలసిందే. అరవై దాటిన దంపతులకు దీని విలువ ఎంతో చూడండి. 2025-26 నుంచి మన కొత్త పన్ను పద్ధతిలో నివాసికి మామూలు ఆదాయం 12 లక్షల రూపాయల వరకు పన్ను కట్టనక్కరలేదు. పెద్దవాళ్లకు ఇక్కడ వేరే ఆదాయం పెద్దగా లేకపోతే, ఆ పరిమితిలోపల ఏటా కొంత చొప్పున పింఛనులా తీసుకుంటే, ఒప్పందం ప్రకారం అక్కడ లేదు, ఇక్కడా లేదు. అదే సొమ్ము ఒక్కసారిగా తీస్తే రెండుచోట్లా పై శ్లాబుల్లోకి వెళ్లి కూర్చుంటుంది. అలా అని ఎప్పటికీ తీయకుండా ఉండటానికీ లేదు. 73 ఏళ్లు వచ్చాక ఏటా కనీసం ఇంత అని తీయాలని అమెరికా చట్టం. 2033 నుంచి అది 75 ఏళ్లు అవుతుంది.

రెండుచోట్లా పన్ను పడితే అక్కడ కట్టింది ఇక్కడి పన్నులోంచి తగ్గించుకునే హక్కు ఒప్పందం ఇచ్చింది. దానికి వేరే ఫారం ఉంది, రశీదులు జతచేయాలి. ముందుగా తీసినందుకు వేసిన ఆ 10 శాతం మాత్రం ఇందులో తగ్గుతుందని ఆశ పెట్టుకోకండి. అక్కడ పన్ను సంవత్సరం జనవరి నుంచి డిసెంబరు, ఇక్కడ ఏప్రిల్ నుంచి మార్చి. ఫిబ్రవరిలో తీసిన సొమ్ము అక్కడ ఒక ఏటిది, ఇక్కడ ఇంకో ఏటిది అవుతుంది. ఈ తికమకలో తగ్గింపు జారిపోకుండా తేదీలు చూసుకోవాలి.

అక్కడి సోషల్ సెక్యూరిటీ పింఛనుకు నియమం వేరు. అది ప్రభుత్వం ఇచ్చేది కనుక, ఒప్పందం ప్రకారం అమెరికా మాత్రమే పన్ను వేస్తుంది. అక్కడి పౌరులు కాక, ఇక్కడ ఉండేవారికి ఆ పింఛనులో 85 శాతం మీద 30 శాతం, అంటే మొత్తంలో 25.5 శాతం పట్టుకుంటారు. రెంటినీ ఒకే గాటన కట్టకండి.

అమెరికా పౌరులైన మనవాళ్లకు, గ్రీన్ కార్డు తిరిగి ఇచ్చేయనివారికి ఈ లెక్కలు ఇలాగే వర్తించవు. వారు ఎక్కడున్నా అమెరికా పన్ను వారి వెంట వస్తుంది. ఇక్కడికి వచ్చేశాం కదా, కార్డు దానంతటదే చచ్చిపోతుందని అనుకోకూడదు. ఫారం ఇచ్చి వదులుకోవాలి. గడచిన 15 ఏళ్లలో 8 ఏళ్లు కార్డు ఉన్నవారు, ఆస్తి 20 లక్షల డాలర్లు చేరినవారు, వదులుకునే ముందే నిపుణుల దగ్గరకు వెళ్లాలి. అలాంటివారికి వదులుకునే ముందురోజే ఐ.ఆర్.ఎ. మొత్తం తీసేసినట్టు లెక్కకట్టే నిబంధన ఉంది.

ఇక మన సంగతికి వస్తాను. ఇది మగవారికంటే మనకే ఎక్కువ అవసరమని మొదట అన్నాను కదా. భర్త 401(కె) ఖాతాలో భార్యకు చట్టరీత్యా ఒక రక్షణ ఉంది. 1984లో అమెరికా చేసిన చట్టం ప్రకారం, భర్త పోతే ఆ సొమ్ము భార్యదే. ఇంకెవరి పేరైనా రాయాలంటే భార్య రాతపూర్వకంగా, సాక్షి ఎదుట ఒప్పుకోవాలి. అదే ఐ.ఆర్.ఎ.కు మార్చుకున్నాక ఆ రక్షణ ఉండదు. అక్కడ ఎవరి పేరు రాస్తే వారిదే. పెళ్లికి ముందు అమ్మగారి పేరో, తమ్ముడి పేరో రాసి మరచిపోయినవారు ఎందరో! కనుక మార్చే కాగితం మీద, వదులుకునే కాగితం మీద ఏముందో చదవకుండా సంతకం పెట్టకండి. వారసుల పేర్ల గడిలో మీ పేరు ఉందో లేదో స్క్రీను మీద మీ కళ్లతో చూడండి. భర్తను అనుమానించడం కాదిది. గ్యాస్ బుక్కు, రేషన్ కార్డు చూసుకున్నట్టే.

రెండో సంగతి ఇంకా బరువైనది. మన దేశంలో చనిపోయినవారి ఆస్తి మీద వేసే ఎస్టేట్ డ్యూటీని 1985లోనే ఎత్తేశారు. అందుకని మనకు ఆ ఊసే గుర్తుకు రాదు. అమెరికాలో అది ఉంది. అక్కడి పౌరుడు కాక, ఇక్కడ స్థిరపడినవాడు చనిపోతే, అమెరికాలో ఉన్న ఆస్తికి మినహాయింపు 60 వేల డాలర్లే. ఈ రిటైర్మెంటు ఖాతాలు కూడా ఆ ఆస్తిలోకే వస్తాయి. భార్యకు వెళ్లే ఆస్తి కదా అని వదిలేయరు. ఆ మినహాయింపు మామూలుగా భార్య అమెరికా పౌరురాలైతేనే. ఈ పన్ను విషయంలో మన దేశానికీ, అమెరికాకూ మధ్య ఒప్పందం కూడా లేదు.

ఒక లెక్క చెబుతాను. ఖాతాలో 4 లక్షల డాలర్లు ఉండగా భర్త పోయాడనుకోండి. వేరే తగ్గింపులేవీ లేకపోతే ఆ పన్ను 1,08,800 డాలర్లు అవుతుంది. తొమ్మిది నెలల్లో రిటర్ను వేయాలి. పన్ను శాఖ నుంచి పత్రం తెస్తేగాని ఖాతా సంస్థ సొమ్ము విడుదల చేయకపోవచ్చు. ఆ స్థితిలో ఉన్న ఆడమనిషి, ఎవరికి రాయాలో, ఏం రాయాలో తెలియక ఎంత అవస్థ పడుతుందో ఊహించుకోండి. 'అక్కడ ఉంటే డాలరు పెరుగుతుంది' అని పెద్ద మొత్తాలు అలాగే వదిలేసేవారు ఈ సంగతి కూడా త్రాసులో వేసుకోవాలి. తొందరపడి తీయడం ఎంత పొరపాటో, అసలు పట్టించుకోకుండా వదిలేయడం అంత పొరపాటే.

ఇదంతా మా పక్కింటి అమ్మాయికి చెప్పేసరికి సాయంత్రం అయింది. "అయితే ఏం చేయమంటారు పిన్నిగారూ?" అంది. నేను చెప్పిన జవాబే మీకూ చెబుతాను. కాగితం, పెన్సిలు తీసుకుని రాసుకోండి.

ఖాతా ఏ సంస్థలో ఉంది, ఏ రకం, నంబరు ఏమిటి, వారసుల పేర్లు ఏమిటి, ఇవి ఒక పుస్తకంలో రాసి పెట్టుకోవాలి. ఇక్కడి చిరునామా ఆ సంస్థకు తెలియజేసి, విదేశీ చిరునామా ఉన్నవారి ఖాతా ఉంచుకుంటారో లేదో రాతపూర్వకంగా తెలుసుకోవాలి. ఖాతాలో 7 వేల డాలర్లకు లోపే ఉంటే, ఉద్యోగం మానినవారి సొమ్మును కంపెనీ ఖాతా తనంతట తానే బయటకు పంపేసే వీలుంది. అలాంటి చిన్న ఖాతాలు ముందు చూసుకోవాలి. పాస్‌పోర్టులు ముందు పెట్టుకుని రోజులు లెక్కించి, సగం నివాసం ఏ మార్చితో ముగుస్తుందో క్యాలెండరు మీద గుర్తు పెట్టుకోవాలి. ఆ నాటి స్టేట్‌మెంటు దాచుకోవాలి. పూర్తి నివాసి అయిన మొదటి ఏడే ఆ ఫారం దాఖలు చేయాలా వద్దా అన్నది ఆడిటరుగారితో తేల్చుకోవాలి. ఆ ఏటినుంచి ఈ ఖాతాను మన రిటర్నులో విదేశీ ఆస్తుల పట్టికలో చూపించడం తప్పనిసరి. రూపాయి పన్ను లేకపోయినా చూపించాలి. దాచినందుకు 2015 నాటి నల్లధనం చట్టం కింద 10 లక్షల రూపాయల దాకా జరిమానా ఉంది. ఇళ్లు, స్థలాలు కాక మిగతా విదేశీ ఆస్తులన్నీ కలిపి 20 లక్షల లోపు ఉన్నవారికి 2024 అక్టోబరు నుంచి ఆ జరిమానా సడలించారు. అయినా చూపించడమే మర్యాద.

అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటుంది. రెండు దేశాల పన్నులూ తెలిసిన ఆడిటరు దగ్గరకు భార్యాభర్తలిద్దరూ కలిసి వెళ్లండి. ఆయన వెళ్లి వచ్చి చెప్పడం కాదు, మీరూ పక్కన కూర్చుని వినండి. అర్థం కానిది మళ్లీ అడగండి. అడగడానికి సిగ్గుపడనక్కరలేదు.

ఆ అమ్మాయి కవరు మళ్లీ మడిచి తీసుకువెళ్లింది. అడ్వాన్సు సంగతి ఇక్కడి డిపాజిట్లలోంచి చూసుకున్నారట. సంతకం పెట్టని ఆ ఫారం మాత్రం బీరువాలో పాస్‌పోర్టుల కింద పెట్టిందట. ఆదివారం ఇద్దరూ కూర్చుని పాస్‌పోర్టు ముద్రలు చూసి రోజులు లెక్కిస్తున్నామని నిన్న మేడమీద బట్టలు ఆరేస్తూ చెప్పింది. నాకు సంతోషం వేసింది.

పరాయిదేశంలో, మంచులో, చలిలో ఏళ్ల తరబడి కష్టపడి దాచుకున్న సొమ్ము అది. అందులో వండి వార్చి, పిల్లల్ని పెంచి, ఇల్లు నడిపిన మన కష్టం కూడా ఉంది. దాని లెక్క మనకూ తెలిసి ఉండాలి కదా.